ఎర్ర చేనిలో ప్రాణులు: ఎలా చూడాలి, ఎలా నిలుపుకోవాలి

చేనిలో ప్రాణం ఎంత ఉందో చూడాలంటే తొలకరి గట్టిగా పడాలి. నీళ్లు ఇంకి, పదును తగిలిన మరుసటి రోజు పొద్దున పోయి చూడాలి. ఎండాకాలంలో తవ్వితే ఏమీ కనపడదు. కనపడలేదు కదా అని నేల చచ్చిపోయిందనుకోకూడదు. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ నమ్మకంగా పడేది కాదు. ఇంత తక్కువ తడితో బతకడం నేర్చిన ప్రాణులు ఎండలు ముదిరితే లోపలికి పోయి పడుకుంటాయి. వానపాము లోతుకు దిగి, చిన్న గూడు చేసుకుని, ముడి పడినట్టు చుట్టుకుని, ఒంటి జిగురుతో తడి ఆరిపోకుండా నెలల తరబడి ఉంటుంది. వాన పడి తడి దాని దాకా చేరితేనే లేస్తుంది.

ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా సంఘంలో ఆడవాళ్లు నన్ను మొదట అడిగేది "అక్కా, వానపాములు యాడ దొరుకుతాయి, కొని ఏస్తాం" అని. కొనొద్దండి. వర్మీ కంపోస్టు వాళ్లు అమ్మే పాములు పేడలో, కుళ్లిన ఆకులో బతికే రకాలు. తొట్టెలో చక్కగా పని చేస్తాయి. మన గరుసు నేలలో వదిలితే తిండి లేక, తడి లేక పోతాయి. చేనికి పనికొచ్చేవి చేనిలోనే, గట్టు కిందనే ఉన్నాయి. వాటికి కావలసింది తిండి, నీడ, కొంచెం తడి. ఆ మూడూ ఎట్లా ఇవ్వాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు తవ్వి చూడండి

మూడు చోట్ల తవ్వాలి. చేను నడుమ ఒక గుంత, వేపచెట్టో కానుగ చెట్టో ఉంటే దాని నీడన ఒకటి, ఎన్నడూ మడక (నాగలి) తగలని గట్టు మీద గడ్డి దుబ్బు పక్కన ఒకటి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, జానెడు లోతు చాలు. తీసిన మట్టిని పాత తెల్ల పంచె మీద పోసి, గడ్డలు చేత్తో మెల్లగా విడదీస్తూ చూడండి. గట్టు కింది మట్టే మీకు కొలమానం. మీ నేల ఎంత బాగుండగలదో అది చెప్తుంది. చేను నడుమ మట్టి దానికి ఎంత దూరంలో ఉందో చూసుకుంటే చాలు, ఇంకో ఊరి నేలతో పోల్చుకోవాల్సిన పని లేదు.

మొదట వాసన చూడండి. తొలివానకు వచ్చే మట్టి వాసనకు కారణం నేలలో ఉండే యాక్టినోమైసీట్స్ అనే సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం. క్షయకు మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనిపెట్టింది కూడా ఈ జాతి జీవుల నుంచే. గుప్పెడు మట్టి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన రావాలి. ఏ వాసనా లేకుండా ఇటుక పొడిలా ఉంటే ఆ చోట తిండి లేదని అర్థం. మురుగు వాసన వస్తే నీళ్లు నిలిచి గాలి ఆడడం లేదని అర్థం.

తర్వాత గాజు గ్లాసు పరీక్ష. చేను నడుమ నుంచి ఒక ఎండిన గడ్డ, గట్టు దగ్గర నుంచి ఒక ఎండిన గడ్డ, రెండూ నిమ్మకాయంత తీసుకోండి. రెండు గ్లాసుల నీళ్లలో ఒక్కొక్కటి మెల్లగా వదలండి. మా వైపు చేని గడ్డ చూస్తుండగానే విడిపోయి అడుగున బురదవుతుంది. గట్టు గడ్డ చాలాసేపు అట్లనే నిలబడుతుంది. బూజు దారాలు, సూక్ష్మజీవుల జిగురు ఆ మట్టిని పట్టి ఉంచుతున్నాయి. ఆ జిగురు లేని చేనిలోనే పెద్ద వాన తర్వాత పైపొర గట్టిపడి, మొలక పైకి రాలేక లోపలే వంగిపోతుంది. విత్తనం మంచిది కాదని అంగడివాడితో గొడవ పడేముందు ఈ పరీక్ష చేయండి.

ఓపిక ఉంటే మూడోది కూడా చేయవచ్చు. తెల్ల నూలు గుడ్డ, పాత బనియన్ అయినా సరే, ఒకే సైజు ముక్కలు రెండు కోసి నాలుగు వేళ్ల లోతున పాతండి. ఒకటి చేనిలో, ఒకటి గట్టు పక్కన. గుర్తుకు పుల్ల గుచ్చండి. వానాకాలంలో రెండు నెలలు ఆగి తీస్తే, ప్రాణం ఉన్న చోట గుడ్డ చిల్లులు పడి పీలికలై ఉంటుంది. ప్రాణం తక్కువున్న చోట ఉతికి కట్టుకునేటట్టుగానే ఉంటుంది. టెరికాటన్ గుడ్డ పెట్టొద్దు, దానిలో ఉండే పాలిస్టర్ దారాన్ని నేలలో జీవులు తినలేవు.

మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు ఉంది కదా అంటారు. ఉండాలి, దాచుకోండి. దానిలో 12 అంశాలు ఉంటాయి గానీ ఆ 12లో జీవుల లెక్క లేదు. వాటి తిండి గురించి చెప్పేది ఒకే గడి, సేంద్రియ కర్బనం. అది 0.5 శాతం కంటే తక్కువుంటే 'తక్కువ' అని, 0.75 దాటితే 'ఎక్కువ' అని రాస్తారు. మన ఎర్ర నేలల్లో ఎక్కువ కార్డుల మీద 'తక్కువ' అనే ఉంటుంది. ఎరువు మూటల సంఖ్య చూసే ముందు ఆ గడి చూడండి.

పంచె మీద ఏమేం కనపడతాయి

తెల్లగా, నువ్వు గింజలో సగం కూడా లేనివి, ముట్టుకుంటే ఎగిరేవి స్ప్రింగ్‌టెయిల్స్. బూజును మేస్తాయి. పిల్లలకు చూపించాలంటే ప్లాస్టిక్ బాటిల్ పైభాగం కోసి గరాటులా తిప్పి పెట్టి, దోమతెర ముక్క వేసి, పైన మట్టి పోసి, దాని మీద పాతకాలం వేడి బల్బు రాత్రంతా వెలిగించండి. వేడికి, వెలుతురుకు అవన్నీ కిందకు దిగి కింద పెట్టిన గిన్నెలో పడతాయి.

వానకు గుంపులు గుంపులుగా బయటికి వచ్చే రోకలిబండలు రాలిన ఆకును నమిలి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల మీదే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. జెర్రి వేటగాడు, పురుగుల్ని తింటుంది. కుట్టకుండా చూసుకోండి, అంతే. ఆరుద్ర పురుగు మనందరికీ చిన్నప్పటి నుంచి తెలుసు. ఎర్ర మఖమల్‌లా ఉండే ఆ పురుగు ఏడాదిలో ఎక్కువ రోజులు నేల లోపలే ఉంటుంది. పెద్దది ఇతర పురుగుల గుడ్లను తింటుంది, పిల్లవి మిడతల లాంటి వాటిని పట్టుకుని వాటి రసం పీలుస్తాయి. ఆరుద్ర కార్తెలో అవి మీ చేనిలో తిరుగుతుంటే సంతోషించండి. మందులకని పట్టి అమ్మేవాళ్లు వస్తే గట్టు దాటనివ్వొద్దు.

పేడపురుగుల గురించి ఒక్క ముఖ్యమైన మాట. ఇవి పేడను ఉండలు చేసి, బొక్కలు తీసి లోపలికి దించుతాయి. ఎరువు వేయడం, నేల గుల్ల చేయడం రెండూ కూలి లేకుండా చేస్తాయి. పశువులకు, గొర్రెలకు కడుపులో పురుగులకు, పిడుదులకు ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయించినప్పుడు ఆ మందు కొంత పేడలో బయటికి వస్తుంది, ఆ పేడ తిన్న పురుగుల పిల్లలు చనిపోతాయి. వేయించాల్సిన అవసరం ఉంటే వేయించండి, పశువు ప్రాణం ముఖ్యం. ఆ తర్వాత కొన్ని వారాలు ఆ పేడను చేనిలో పడనివ్వకుండా దిబ్బలో వేసుకోండి.

చెదలతో పోట్లాడే ముందు

మెట్ట సేద్యంలో అందరికంటే ఎక్కువ తిట్లు తినేది చెద. నేను దాని పక్షాన మాట్లాడతాను.

కోస్తా మాగాణిలో వానపాము చేసే పనిలో ఎక్కువ భాగం మన దగ్గర చెదలు, చీమలు చేస్తాయి. ఎండిన పుల్ల, గడ్డి, పేడ, ఏదైనా సరే పైన పడి ఎండిపోతే తడి లేని కాలంలో దాన్ని నేలలో కలిపేది చెద ఒక్కటే. అవి తవ్విన సొరంగాల్లో నుంచి వాన నీళ్లు లోపలికి దిగుతాయి. మన దగ్గర పుట్టలు కట్టే చెదలు లోపల ఒక రకం బూజును పెంచుకుని దాన్ని తిని బతుకుతాయి. వానలకు పుట్టల మీద లేచే తెల్ల గొడుగులు ఆ బూజువే. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్టలు కూడా ఎక్కువ భాగం చెదలు కట్టినవే.

మా అమ్మాయి మహానంది అగ్రికల్చర్ కాలేజీలో చదివేటప్పుడు ఒక పరిశోధన గురించి చెప్పింది. 2011లో అచ్చు అయింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో వాన తక్కువ ఉన్న గోధుమ చేలలో కొన్ని చోట్ల చీమల్ని, చెదల్ని లేకుండా చేసి, కొన్ని చోట్ల ఉండనిచ్చారు. అవి ఉన్న చోట గోధుమ దిగుబడి 36 శాతం ఎక్కువ వచ్చింది. నీళ్లు బాగా ఇంకడం, నేలలో నత్రజని పెరగడం కారణాలని తేల్చారు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో దేశంలో యాకూబా సవడోగో అనే రైతు ఇంకా ముందే ఈ పని చేసి చూపించాడు. రాయిలా గట్టిపడిన నేలలో ఎండాకాలంలో చిన్న చిన్న గుంతలు తీసి, వాటిలో పేడ, ఆకు వేసేవాడు. దానికి చెదలు వచ్చి సొరంగాలు తీసేవి. వాన పడగానే నీళ్లు ఆ గుంతల్లో ఇంకేవి, అక్కడే జొన్న, సజ్జ విత్తేవాడు. బీడు నేల అడవి అయింది. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఇచ్చారు. ఆ నేల గురించి విన్నప్పుడు నాకు మా కుందుర్పి, శెట్టూరు వైపు గరుసు బీళ్లే కళ్ల ముందుకొచ్చాయి.

మరి బుడ్డల (వేరుశనగ) చేనిలో చెదలు చేసే నష్టం? ఉంది, కాదనను. కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేస్తే చెదలు కాయ పైతోలు గీకి గుల్ల చేస్తాయి. ఆ గీతల్లో నుంచి ఆస్పర్జిల్లస్ బూజు లోపలికి పోతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం గింజలో చేరుతుంది. అందుకే మూడు పనులు తప్పకుండా చేయండి. కలుపు తీశాక మొత్తం ఊడ్చేసి చేనిని నున్నగా పెట్టకుండా ఎండుగడ్డి సాళ్ల నడుమ వదలండి. మా చేనిలో పైన తినడానికి ఎండు చెత్త ఉన్న చోట చెద మొక్క మీదికి రావడం బాగా తగ్గింది. రెండోది, మాగని పచ్చి పెంట వేయొద్దు. మూడోది, కాయ ముదిరాక చేనిలో ఉంచొద్దు, పీకి, కాయలు పైకి వచ్చేటట్టు తిప్పి ఆరబెట్టండి. ఈ మూడూ చేసి కూడా ఒక చోట ఎక్కువైతే ఆ చోటికే వైద్యం చేయండి. చేనంతా మందు పోస్తే చెదలతో పాటు జెర్రి, చీమ, ఆరుద్ర పురుగు అన్నీ పోతాయి. చెద పుట్ట లోతున ఉంటుంది కాబట్టి మళ్లీ వస్తుంది. దాన్ని తినేవి మాత్రం అంత తొందరగా రావు.

వేరు బుడిపెలు కోసి చూడండి

వేరుశనగకు నత్రజని ఇచ్చేది వేర్ల మీద బుడిపెల్లో ఉండే రైజోబియం జాతి బ్యాక్టీరియా. గాలిలో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి, బదులుగా మొక్క వాటికి చక్కెరలిస్తుంది. విత్తిన నెల దాటాక, ఊడలు (చివర కాయ కట్టే కాడలు) నేలలోకి దిగే దశలో చూడండి. మొక్కను చేత్తో పీకితే బుడిపెలు తెగి నేలలోనే మిగిలిపోతాయి. పారతో జానెడు దూరం నుంచి మట్టితో సహా ఎత్తి, బకెట్ నీళ్లలో ముంచి మట్టి కరగనివ్వండి. వేరుశనగలో బుడిపెలు పక్కవేరు పుట్టే సందుల్లో వరుసగా ఉంటాయి, ఎందుకంటే బ్యాక్టీరియా లోపలికి పోయేది పక్కవేరు చీల్చుకుని వచ్చిన పగులు నుంచే.

ఇప్పుడు గోరుతో బుడిపెను చీల్చండి. లోపల లేత ఎరుపుగా, మాంసం రంగులో ఉంటే పని జరుగుతోంది. మన రక్తంలో ఉండేలాంటి పదార్థమే ఆ రంగుకు కారణం. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు లేదా పని చేయని రకం. ఆకుపచ్చగా, బూడిద రంగుగా ఉంటే పని అయిపోయింది. పూత దశలోనే అట్లా ఉంటే మొక్క కరువులో ఉన్నట్టు.

మా పక్క చేని ఆమె ఒకసారి "వదినా, పోయినేడు మూట యూరియా ఏసినా, కట్టె ఏపుగా పెరిగింది గానీ బుడ్డ ఊరలేదు" అంది. ఇద్దరం పోయి ఎత్తి చూస్తే బుడిపెలు అక్కడొకటి ఇక్కడొకటి. నేలలో నత్రజని తేరగా దొరికితే మొక్క బ్యాక్టీరియాకు చక్కెర ఖర్చు పెట్టదు. వర్షాధారపు వేరుశనగకు సిఫార్సు చేసే నత్రజని ఎకరాకు 8 కిలోలే, అది కూడా మొదట్లో నిలదొక్కుకోవడానికి. దానికి మించి వేసిన డబ్బు కట్టెకు, అంటే ఆకూ కాడా పెరగడానికే పోతుంది.

రైజోబియం కల్చర్ (ఆ బ్యాక్టీరియా కలిపిన పొడి) 200 గ్రాముల ప్యాకెట్ ఎకరా విత్తనానికి సరిపోతుంది. కొంచెం బెల్లం నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లార్చి, దాంట్లో పొడి కలపండి. విత్తనాలను టార్పాలిన్ మీద పరిచి చల్లి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని మెల్లగా ఊపండి. వేరుశనగ తోలు పలచన, చేత్తో గట్టిగా రుద్దితే పప్పు రెండు ముక్కలవుతుంది. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. ఎండలో ఆరబెట్టిన కల్చర్ చచ్చిన కల్చరే. అంగట్లో కొనేటప్పుడు కూడా తేదీ చూడండి, ఎండ తగిలే అరలో పెట్టి ఉంటే తీసుకోవద్దు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. జీవులు నత్రజనిని గాలి నుంచి తెస్తాయి, గట్టిగా పట్టుకున్న భాస్వరాన్ని విడిపిస్తాయి. నేలలో లేని కాల్షియాన్ని మాత్రం పుట్టించలేవు. ప్రకృతి సేద్యం చేస్తున్నామని కాల్షియం ఇచ్చే జిప్సం ఆపేసి తాలు కాయలు కోసుకున్నవాళ్లను చూశాను. ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయండి.

ఎప్పుడూ ఏదో ఒక పచ్చని వేరు ఉండాలి

మైకోరైజా అనే బూజు మొక్క వేర్లలోకి చొరబడి, దాని సన్నని దారాలను వేరు అందుకోలేని దూరానికి పంపుతుంది. భాస్వరం నేలలో కదలదు, వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అయిపోతే మొక్కకు అందదు. ఈ దారాలు పోయి తెచ్చిస్తాయి. బెట్టలో నీళ్లు కూడా కొంత అందిస్తాయి. గ్లాసులో గట్టు గడ్డ విడిపోకుండా నిలబడటంలో వీటి వంతు పెద్దది. ఇవి బతకాలంటే బతికున్న వేరు కావాలి. బుడ్డలు పీకిన దగ్గర నుంచి మళ్లీ తొలకరి దాకా చేను బోడిగా ఉంటే ఇవి తగ్గిపోతూ వస్తాయి. ఆవాల జాతికి ఈ బూజుతో పొత్తు లేదు కాబట్టి వేసవి పచ్చదనం కోసం అదొక్కటే వేస్తే ఈ పని జరగదు.

అందుకే నవధాన్యాలు. అధికారులు పీఎండీఎస్ అంటారు, అంటే వానలకు ముందే పొడి దుక్కిలో విత్తడం. జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, అనుములు, పెసలు, ఉలవలు, కంది, ఆముదం, నువ్వులు, గోగు, జనుము, ఏవి దొరికితే అవి కలిపి ఎకరాకు 12 నుంచి 15 కిలోలు. ఉత్త గింజలు చల్లితే చీమలు, పిట్టలు తినేస్తాయి. గింజలకు బీజామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే విత్తన శుద్ధి నీళ్లు) తడి చేసి, మెత్తని బంకమట్టి, బూడిద, ఘన జీవామృతం (ఎండబెట్టిన జీవామృతం) పొడి పొరలు పొరలుగా అంటేటట్టు చాటలో దొర్లించి నీడన ఆరబెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో చల్లితే, ఒక ఎండాకాలపు వాన పడినా మొలుస్తాయి. కొన్ని ఏళ్లు ఆ వాన రాదు. అప్పుడవి జూన్ వానకు మొలుస్తాయి, కొంచెం ఎదగనిచ్చి కలిపేసి పునర్వసులో బుడ్డలు విత్తుకోవచ్చు.

ముదిరిన జొన్న దంటు ఒక్కటే ఎక్కువగా కలిపితే కొన్నాళ్లు పైరు పసుపు పచ్చగా మారుతుంది. ఎండు దంటులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే జీవులు నేలలో ఉన్న నత్రజనిని తాము తీసుకుంటాయి, తర్వాత వదులుతాయి. పప్పుజాతి పచ్చి ఆకు సగం పైగా ఉండేటట్టు కలుపుకుంటే ఈ ఇబ్బంది రాదు.

కప్పడానికి చెత్త యాడిది, కట్టె పశువులకు పోతుంది కదా అంటారు. నిజమే, వేరుశనగ కట్టె చేనిలో వదలమని నేను చెప్పను, ఇంట్లో ఆవులు ఏం తినాలి? కందిని అంతరపంటగా వేయండి, అది రాల్చే ఆకు ఊరికే పోదు. గట్ల మీద గ్లైరిసీడియా కొమ్మలు వానాకాలంలో నాటితే తర్వాత ఏటేటా నరికి వేసుకోవచ్చు, మేకలు దాని జోలికి పెద్దగా రావు. కానుగ ఆకు, వేపాకు ఉండనే ఉన్నాయి. కాయలు కొట్టే మిల్లుల దగ్గర బుడ్డల పొట్టు దొరుకుతుంది. దాన్ని నేరుగా బుడ్డల చేనికి వేయొద్దు, కాండంకుళ్లు బూజు దాంతో పాటు వస్తుంది. దిబ్బలో బాగా మాగనివ్వండి. గరుసు ఎక్కువున్న చేనికి చెరువు పూడిక మట్టి తోలించుకునే వీలుంటే తోలించుకోండి. ఆ బంకమట్టి తడినీ, తిండినీ పట్టి ఉంచుతుంది.

గొర్రెల మంద పెట్టించడం మా అత్తల కాలం నుంచి ఉన్న పద్ధతి. దానికి సాటి వచ్చే ఎరువు మెట్టలో నాకు తెలియదు. పేడ, మూత్రం రెండూ ఒకేసారి, చేనంతా సమానంగా పడతాయి. కాపరికి ఇచ్చే డబ్బు చూసి వెనక్కి తగ్గకండి. ఎండ ముదరక ముందే, కోసిన పంట మోళ్లు, గడ్డి ఉన్నప్పుడే పెట్టించి, పైపైన గుంటక తోలండి. చిట్టెండకు పేడ పైనే ఎండితే దానిలో నత్రజని గాలికి పోతుంది.

జీవామృతం గురించి నా మాట

జీవామృతం అంటే నేలలో జీవులను పెంచడానికి పేడ, మూత్రం, బెల్లంతో పులియబెట్టే నీళ్లు. కొలతలు మీకు తెలిసే ఉంటాయి. 200 లీటర్ల నీళ్లకు నాటు ఆవు పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పుల పిండి 2 కిలోలు, గుప్పెడు గట్టు మట్టి. నీడలో పెట్టి పొద్దున, సాయంత్రం కలియబెడుతూ 48 గంటలు ఉంచి, వారంలోపు వాడాలి. ప్రకృతి సేద్యాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారు చెప్పిన పద్ధతి ఇది. నేను కూడా వాడుతున్నాను. అయితే దీనిలో ఉండే నత్రజని, భాస్వరం చాలా తక్కువ. అది పాలల్లో వేసే తోడు లాంటిది, పాలు లేకుండా తోడు వేస్తే పెరుగు కాదు. నేల మీద ఆకు, చెత్త, పెంట లేకుండా బోడి చేనిలో పోసి ఫలితం రాలేదని బాధపడొద్దు. కప్పు ఉన్న చేనిలో, తడి ఉన్నప్పుడు, సాయంత్రం పూట పోయండి. మిట్టమధ్యాహ్నం పోసేదాని కంటే ఇంట్లో పెట్టుకోవడం మేలు.

కుళ్లు తెగుళ్లకు మాత్రం ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు మీద డబ్బు పెట్టండి. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీళ్లు చిలకరించి, చెట్టు నీడన తడి గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచితే తెల్లగా, పచ్చగా బూజు అల్లుకుంటుంది. దాన్ని ఆఖరి దుక్కిలో పదును మీద ఎకరాకు చల్లాలి. విత్తనానికైతే కిలోకు 10 గ్రాములు. అదే విత్తనానికి శిలీంధ్రనాశిని కూడా పట్టిస్తే ట్రైకోడెర్మా కూడా బూజే కాబట్టి దెబ్బ తింటుంది, ఏదో ఒకటి ఎంచుకోండి. విత్తనానికి రైజోబియం కూడా పట్టించేటట్టయితే ముందు ట్రైకోడెర్మా, చివరగా రైజోబియం.

వేరుపురుగు

నేలలో ఉన్నవన్నీ స్నేహితులు కావు. అక్కడక్కడా గుంపుగా మొక్కలు వాడిపోయి, పీకితే సులువుగా వచ్చేసి, వేరు కొరికి ఉంటే వేరుపురుగు. తెల్లగా, అర్ధచంద్రంలా ముడుచుకుని ఉంటుంది. పెంటదిబ్బలో కనపడే ప్రతి తెల్ల పురుగూ ఇది కాదు. నేల చదునుగా ఉన్న చోట వేసి చూడండి. వెల్లకిలా తిరిగి వీపు మీద పాకుతూ పోతే అది కుళ్లిన చెత్త తినే రకం, దిబ్బలోనే వదిలేయండి. వేరుపురుగు అట్లా వీపు మీద పాకదు.

దీన్ని పట్టాల్సింది పెద్ద పురుగుగా ఉన్నప్పుడే. తొలి పెద్ద వాన పడిన సాయంత్రాలు చీకటి పడగానే నేలలోంచి లేచి వేపచెట్ల మీద, రేగుచెట్ల మీద వాలతాయి. కింద గుడ్డ పరిచి కొమ్మలు దులిపి, కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయాలి. ఒక్క చేనివాళ్లు చేస్తే లాభం లేదు, ఊరంతా కలిసి చేయాలి. మెటారైజియం అనే బూజును మాగిన ఎరువులో పెంచి వేస్తే నేలలో ఉన్న పిల్లపురుగులకు జబ్బు తగులుతుంది. దీనికి కూడా పదును కావాలి. వేసవి దుక్కుల గురించి నా అభిప్రాయం కూడా ఇక్కడే చెప్తాను. వేరుపురుగు ఎక్కువగా ఉన్న చేనికి లోతు దుక్కి అవసరమే, కొంగలూ కాకులూ వెనకాలే వచ్చి ఏరుకుంటాయి. ఆ బాధ లేని చేనిని ప్రతి ఏడూ ట్రాక్టరుతో తిరగేసి ఎండకు పెట్టడం నాకు ఇష్టం లేదు. మేలు చేసేవి కూడా దాంతోనే మాడిపోతాయి.

కౌలు చేను అయితే

ఏడాది కౌలుకు తీసుకున్నవాళ్లు గట్టు మీద చెట్లు పెట్టి, చెరువు మట్టి తోలి ఏం బాగుపడతారు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. వాళ్లకు ఆ పంటలోనే తిరిగొచ్చే పనులు చెప్తాను. విత్తనానికి ట్రైకోడెర్మా, రైజోబియం పట్టించండి. మాగిన ఎరువులో పెంచిన ట్రైకోడెర్మా వేయండి. యూరియా మూట మానేసి ఆ డబ్బు జిప్సానికి పెట్టండి. కలుపు గడ్డి సాళ్లలోనే పరచండి. నవధాన్యాలు కూడా వేయవచ్చు, ఆ మేత మీ పశువులకే వస్తుంది. గొర్రెల మంద, పూడిక మట్టి ఖర్చు మాత్రం చేని ఆసామితో ముందే మాట్లాడుకోండి. సగం ఆయన పెట్టుకుంటే సరే, లేదా మూడేళ్ల కౌలుకు ఒప్పుకుంటే మీరే పెట్టుకోండి. ఉగాదికి ముందే ఈ మాటలు అయిపోవాలి, ఆ తర్వాత అడిగితే ఎవరూ ఒప్పుకోరు.